గుండె ఆపరేషన్ అయిన పిల్లల మనసును కనిపెట్టుకోవడం ఎలా?

ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో "రిపేరు బాగుంది, లీకు లేదు" అని ఉంటుంది. ఇంట్లో మాత్రం ఆరేళ్ళ పిల్లాడు రాత్రి లైటు ఆర్పనివ్వడు, బడికి పొమ్మంటే కడుపునొప్పి అంటాడు. పదిహేనేళ్ళ అమ్మాయి మండుటెండలో కూడా మెడదాకా బొత్తాలు పెట్టుకుని తిరుగుతుంది. ఈ సంగతులు ఏ ఫైల్లోకీ ఎక్కవు. డాక్టరు అడగడు, ఇంట్లోవాళ్ళు చెప్పరు.

పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవాళ్ళ మానసిక ఆరోగ్యం మీద అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో ఒక ప్రకటన ఇచ్చింది. ఈ జబ్బుతో పెద్దయినవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి ఆందోళన లేదా డిప్రెషన్ లక్షణాలు ఉంటాయనీ, గుండె వైద్య బృందంలోనే మానసిక నిపుణులూ ఉండాలనీ అందులో చెప్పారు. 4 నుంచి 17 ఏళ్ళ పిల్లల మీద టెక్సస్‌లో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. గుండె జబ్బున్న పిల్లల్లో ఆందోళన, డిప్రెషన్ 18 శాతం మందికి ఉంటే, మిగతా పిల్లల్లో 5 శాతానికే ఉన్నాయి. ఒకే జఠరికతో (రక్తాన్ని నెట్టే గుండె కింది గది) పుట్టి, ఒంట్లోని రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తులకి మళ్ళించే ఫాంటాన్ ఆపరేషన్ దాకా వెళ్ళిన పిల్లలది ఇంకా బరువైన లెక్క. బోస్టన్‌ బృందం 2017లో ప్రచురించిన దాని ప్రకారం, వాళ్ళలో 65 శాతం మందికి టీనేజీ దాటేలోపు ఏదో ఒక మానసిక సమస్య నిర్ధారణ అయింది. పోల్చి చూసిన మామూలు పిల్లల్లో అది 22 శాతం. ఎక్కువగా కనిపించినవి ఆందోళన, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, నిలకడ లేకపోవడం).

ఇవన్నీ అమెరికా లెక్కలు, మన దగ్గర అంకెలు వేరుగా ఉండొచ్చు. చేయాల్సిన పని మాత్రం ఎక్కడైనా ఒకటే: ఎకోకి ఎలా తేదీ పెట్టుకుంటారో, మనసు చూసుకోవడానికీ అలాగే తేదీ పెట్టుకోవాలి. చేతిలో గుండె మందుల చీటీ ఉండాలి. ఆ చీటీ ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది.

ముందు తేల్చాల్సింది: గుండెదా, మనసుదా?

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి, అదీ రెండు వైపులా. గుండె దడ వస్తే "టెన్షన్ పడుతున్నాడులే" అని వదిలేసేవాళ్ళు కొందరు. నిజంగా భయంతో వచ్చిన దడకి నెలకో ఎకో తీయించేవాళ్ళు ఇంకొందరు.

గుండెకి ఆపరేషన్ అయిన మనిషికి మొదటిసారి దడ వస్తే దానికి ప్యానిక్ అని పేరు పెట్టే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు. ఈసీజీ, అవసరమైతే 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించి రోజంతా ఈసీజీ తీసే యంత్రం) అయ్యాకే ఆ మాట. ఫాలో టెట్రాలజీ (నాలుగు లోపాలు కలిసిన గుండె జబ్బు), ఫాంటాన్, గుండె పై గదుల్లో కుట్లు పడిన ఆపరేషన్లు అయినవాళ్ళకి ఏళ్ళ తర్వాత కూడా రిథమ్ (గుండె కొట్టుకునే తాళం) తేడాలు రావచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు ఒక నోటుబుక్కు పెట్టండి. దడ వచ్చిన ప్రతిసారీ రాయాల్సినవి ఇవి: ఎన్ని గంటలకు మొదలైంది, అప్పుడు ఏం చేస్తున్నారు, నాడి నిమిషానికి ఎంత, ఎంతసేపు ఉంది, ఎలా ఆగింది. నాడిని మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్ళతో పట్టుకుని 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. కొట్టుకోవడం సమంగా ఉందా, మధ్యలో తప్పుతోందా అన్నదీ రాయండి. వేలికి పెట్టే ఆక్సీమీటరు అంకె చెబుతుంది గానీ గుండె తాళం తప్పిందని చెప్పదు.

భయంతో వచ్చే దడ మెల్లగా పెరిగి, సాధారణంగా పది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి, మెల్లగా దిగుతుంది. రిథమ్ తేడా చాలాసార్లు స్విచ్ వేసినట్టు మొదలై స్విచ్ తీసినట్టు ఆగుతుంది. కదలకుండా పడుకున్నా, కూర్చున్నా, నీళ్ళు తాగినా నాడి అదే అంకె దగ్గర అతుక్కుపోయి ఉంటే ఆ అంకె మరీ పెద్దది కాకపోయినా అనుమానించాల్సిందే. పరిగెత్తుతూ స్పృహ తప్పడం, దడతో కళ్ళు బైర్లు కమ్మడం, పెదాలు ఎప్పటికన్నా నీలంగా మారడం, ఛాతీ నొప్పితో చెమటలు పట్టడం: వీటిలో ఏది కనబడినా నోటుబుక్కు పక్కన పెట్టి ఎమర్జెన్సీకి పరిగెత్తాలి.

డిప్రెషన్‌లా కనిపించే శారీరక కారణాలు కొన్ని ఉన్నాయి. అమియోడరోన్ (రిథమ్ సరిచేసే మందు) వాడేవాళ్ళకి థైరాయిడ్ పడిపోతే మందకొడితనం, బరువు, దిగులు వస్తాయి. అదే థైరాయిడ్ పెరిగితే వణుకు, చిరాకు, నిద్రలేమి. మందు ఒకటే, రెండూ జరగొచ్చు. బీటా బ్లాకర్లు (నాడిని నెమ్మదింపజేసే మందులు) కొందరిని నీరసంగా ఉంచుతాయి. నీలం రంగు తేలే పిల్లల్లో హిమోగ్లోబిన్ ఎక్కువ కనబడుతుంది కాబట్టి ఐరన్ తక్కువైనా ఎవరికీ అనుమానం రాదు. అందుకే నీరసం, దిగులు అని వెళ్ళినప్పుడు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఫెరిటిన్ (ఐరన్ నిల్వల పరీక్ష) చేయించారా అని అడగండి.

ఆక్సీమీటరు గురించి ఒక మాట. ఇంకా పూర్తి ఆపరేషన్ కాని నీలం జబ్బు పిల్లల్లో రీడింగు 75–85 మధ్య ఉండటం మామూలే. మీ బిడ్డ మామూలు అంకె ఎంతో డాక్టరు చేత ఫైలు మీద రాయించుకోండి. గోళ్ళరంగు ఉన్నా, వేళ్ళు చల్లబడినా అంకె తప్పుగా వస్తుంది. డాక్టరు చెప్పినన్ని సార్లే పెట్టండి. గంటకోసారి వేలికి క్లిప్పు పెట్టే ఇంట్లో, ఆ క్లిప్పు చూడగానే తల్లి ముఖం ఎలా మారుతుందో బిడ్డ చదువుతూనే ఉంటాడు.

పన్నెండేళ్ళు దాటినవాళ్ళకి: తొమ్మిది ప్రశ్నలు, ఏడు ప్రశ్నలు

డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9, ఆందోళనకి జీఏడీ-7 అనే ప్రశ్నపత్రాలు ఉన్నాయి. తెలుగులోనూ ఉచితంగా దొరుకుతాయి. రెండూ గడిచిన రెండు వారాల గురించే అడుగుతాయి. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3 మార్కులు. పీహెచ్‌క్యూ-9లో మొత్తం 27. 5 నుంచి తేలిక, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి బాగా ఎక్కువ, 20 నుంచి తీవ్రం. జీఏడీ-7లో మొత్తం 21. మెట్లు 5, 10, 15. ఏ పత్రంలోనైనా 10 వచ్చిందంటే నిపుణుడికి చూపించాలి. టీనేజీ పిల్లలకి పీహెచ్‌క్యూ-ఎ అని మాటలు మార్చిన పత్రం ఉంది, దొరికితే అదే వాడండి.

గుండె జబ్బువాళ్ళ విషయంలో ఇక్కడ ఒక మెలిక ఉంది. పీహెచ్‌క్యూ-9లో మూడోది నిద్ర, నాలుగోది అలసట, ఐదోది ఆకలి. గుండె బలహీనంగా ఉన్నా, నీటిమాత్ర రాత్రి వేసుకుని మూడుసార్లు లేచినా ఈ మూడింటిలో మార్కులు పెరిగిపోతాయి. కాబట్టి మొత్తంతో పాటు విడిగా చూడాల్సినవి 1 (దేనిమీదా ఆసక్తి లేకపోవడం), 2 (దిగులు), 6 (నేను పనికిరాను, ఇంటికి భారం అనుకోవడం), 9. మొత్తం 8 వచ్చి ఆరో ప్రశ్నలో 3 ఉంటే, ఆ 8ని "తేలిక" అని కొట్టిపారేయకండి. "నా ఆపరేషన్ కోసం నాన్న పొలం అమ్మాడు" అనే బరువు బయటపడేది ఆ ప్రశ్న దగ్గరే.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. అక్కడ సున్నా కాక ఏది వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే మాట్లాడాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. నేరుగా, మెల్లగా అడగండి: "చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా? ఎలా అన్నది కూడా ఆలోచించావా?" అవును అంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లోని గుండె మాత్రలన్నీ తాళం వేసిన చోట పెట్టి, ఏ పూటవి ఆ పూటే చేతికివ్వండి. డిగాక్సిన్, బీటా బ్లాకర్లు మోతాదు మించితే ప్రాణం మీదికి తెస్తాయి.

పత్రం ఎప్పుడు ఇవ్వాలి? ఏడాదికోసారి చెకప్‌కి ముందు వారం, ఆపరేషనో క్యాథెటర్ ప్రొసీజరో అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు, పదో తరగతి, ఇంటర్ లాంటి మలుపుల్లో. ఒంట్లో ఐసీడీ (రిథమ్ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం) ఉండి అది షాక్ కొడితే ఆ నెలలోనే. ఎకో గది బయట బెంచీ మీద నింపించకండి. అప్పుడు ఎవరికైనా ఆందోళనే ఉంటుంది. అమ్మ పక్కన కూర్చుని "అదేం లేదు, సున్నా పెట్టు" అంటుంటే నింపిన కాగితం చిత్తుకాగితమే.

చిన్నపిల్లలకి ఆపరేషన్ గురించి చెప్పడం

రెండు మూడేళ్ళ పిల్లలకి ఒకటి రెండు రోజుల ముందు చెబితే చాలు. నాలుగు నుంచి ఆరేళ్ళవాళ్ళకి మూడు నుంచి ఐదు రోజులు. బడికి వెళ్ళే పెద్దపిల్లలకి వారం పైన. టీనేజీ పిల్లలు తేదీ ఖాయం చేసేటప్పుడే పక్కన ఉండాలి. "షాపుకి వెళ్దాం పద" అని ఆస్పత్రికి తీసుకెళ్ళడం ఒక్కపూట గడవడానికి పనికొస్తుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, మీరు చెప్పులేసుకున్న ప్రతిసారీ బిడ్డ అనుమానంగా చూస్తాడు.

మనం వాడే మాటలే పిల్లల్ని భయపెడతాయి. "గుండెకి చిల్లు" అనగానే ఐదేళ్ళవాడికి కళ్ళముందు కనబడేది బకెట్ చిల్లు: రక్తమంతా కారిపోతుందని, గెంతితే చిల్లు పెద్దదవుతుందని. ఇలా చెప్పి చూడండి: "నీ గుండె గుప్పెడంత ఇల్లు. అందులో నాలుగు గదులు. రెండు గదుల మధ్య గోడలో ఒకచోట సందు ఉండిపోయింది. రక్తం ఈ గదిలోంచి ఆ గదిలోకి తప్పుదారిన పోతోంది, బయటికి కారిపోదు. డాక్టరుగారు ఆ సందుకి ప్యాచ్ కుట్టేస్తారు." చెప్పాక, నువ్వు బొమ్మకి చెప్పు అనండి. బిడ్డ బొమ్మకి చెప్పేదాంట్లో మీకు తెలియని భయం ఏదో ఒకటి బయటికొస్తుంది. దాన్ని సరిచేయడమే అసలు పని.

"నిద్రపుచ్చి కోస్తారు" అన్నారంటే ఇంటికొచ్చాక రాత్రి నిద్రకే భయపడతాడు. మత్తు నిద్ర వేరని, మత్తు డాక్టరు మొదటినుంచి చివరిదాకా పక్కనే ఉండి పనయ్యాక లేపుతారని చెప్పండి. కళ్ళు తెరిచేసరికి నోట్లో గొట్టం ఉంటుందని, అది ఉన్నంతసేపు మాట రాదని, తీసేయగానే వస్తుందని కూడా ముందే తెలియాలి. తెలియని పిల్లలకి గొంతు పోయిందన్న భయమే నొప్పికన్నా ఎక్కువ. వేలు ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు అని ఇంట్లోనే సాధన చేయించండి. అట్టముక్క మీద నొప్పి, దాహం, అమ్మ, ఉచ్చ అని నాలుగు బొమ్మలు గీసి ఐసీయూ నర్సుకి ఇవ్వండి.

ఐసీయూలో బిడ్డ మిమ్మల్ని గుర్తుపట్టనట్టు చూసినా, లేనివి ఉన్నట్టు మాట్లాడినా, రాత్రంతా పెనుగులాడి పగలు మత్తుగా పడున్నా మొండితనం అనుకోకండి. అది డెలీరియం (జబ్బు, మందుల వల్ల మెదడు తాత్కాలికంగా గందరగోళపడటం) కావచ్చు, నర్సుకి వెంటనే చెప్పాలి. కళ్ళజోడు, వినికిడి యంత్రం ఉంటే పెట్టనివ్వమని అడగడం, ఇంట్లో వాడే దుప్పటి, తెలిసిన గొంతు, ఇప్పుడు పగలు, ఇది ఆస్పత్రి అని మళ్ళీమళ్ళీ చెప్పడం సాయపడతాయి.

ఇంటికొచ్చాక పక్క తడపడం, కొంగు వదలకపోవడం, పీడకలలు, తెల్లకోటు చూస్తే కేకలు రెండు మూడు వారాలు ఉండటం సహజం. నెల దాటినా తగ్గకపోతే, లేదా ఆటల్లో అదేపనిగా సూదులు గుచ్చడం, ఆపరేషన్ ఊసెత్తితే బిగుసుకుపోవడం ఉంటే ట్రామా కోణంలో చైల్డ్ సైకాలజిస్టుకి చూపించాలి.

పసికందుగా ఉన్నప్పుడే ఆపరేషన్ అయినవాళ్ళ విషయంలో చదువు, ఏకాగ్రత కూడా కనిపెట్టాలి. పుట్టకముందు మెదడుకి అందిన రక్తం, ఆపరేషన్లో గుండె పని తాను చేసే బైపాస్ మెషిన్ మీద గడిపిన సమయం, ఐసీయూ రోజులు అన్నీ కలిసి ప్రభావం చూపుతాయి. ఎదుగుదల పరీక్షలకి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో సూచించిన వయసులు 12–24 నెలలు, 3–5 ఏళ్ళు, 11–12 ఏళ్ళు. బడిలో మందలింపులు తినే "పరధ్యానం" ఏడీహెచ్‌డీ కావచ్చు. మన జిల్లాల్లో ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) కింద పనిచేసే డీఈఐసీల్లో (లోపాల్ని తొందరగా పసిగట్టే జిల్లా కేంద్రాలు) ఎదుగుదల పరీక్షలు చేస్తారు.

"ఆడొద్దు" అనే ముందు

ఆపరేషన్ అయిన పిల్లాడిని పీఈటీ మాస్టారు గ్రౌండు గట్టు మీద కూర్చోబెట్టేస్తారు. ఇంట్లో మెట్లెక్కనివ్వరు. గుండె జబ్బు పిల్లల్లో చాలామందికి అంత నిషేధం అవసరం లేదు. ఫ్రాన్స్‌లో టీనేజీ, యువ వయసు గుండె జబ్బువాళ్ళ మీద చేసిన ట్రయల్‌లో, 12 వారాలు పర్యవేక్షణతో వ్యాయామం చేయిస్తే జీవన నాణ్యత మెరుగుపడింది. కార్డియాలజిస్టుని "ఆడొచ్చా?" అని అడిగితే "జాగ్రత్తగా ఆడమనండి" అంటారు, దాంతో ఎవరికీ ఏమీ తేలదు. ఇలా అడగండి: క్రికెట్‌లో పరిగెత్తొచ్చా? కబడ్డీ? ఈత? బరువులెత్తడం? పోటీల్లో పాల్గొనడం? జవాబులు లెటర్‌హెడ్ మీద రాయించి బడిలో ఇవ్వండి. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళకి దెబ్బలు తగిలే ఆటలు వద్దంటారు. ఎదురు రొమ్ముఎముక కోసి చేసిన ఆపరేషన్ అయితే మొదటి ఆరు వారాలు చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు. మెడ కింద ఒక చేయి, పిరుదుల కింద ఒక చేయి వేసి ఎత్తాలి.

తల్లిదండ్రుల లెక్క

ప్రాణాంతకమైన గుండె జబ్బున్న పిల్లల తల్లిదండ్రుల మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ 2017లో ఒకచోట కూర్చి చూస్తే, వాళ్ళలో 30 శాతం దాకా పీటీఎస్‌డీకి (భయంకర అనుభవం తర్వాత మనసుని వదలని ఆందోళన) సరిపడే లక్షణాలున్నాయి. బాలింత తల్లికి ఎడిన్‌బరో పత్రం (ప్రసవం తర్వాతి డిప్రెషన్ కోసం, పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజులు, మొత్తం 30) ఇవ్వండి. 13, అంతకు పైన వస్తే చూపించాలి. పదో ప్రశ్న తనను తాను గాయపరుచుకోవడం గురించి, అక్కడ సున్నా కాకపోతే ఆ రోజే.

మన ఇళ్ళలో ఆ తల్లి మీద ఇంకో బండ కూడా పడుతుంది: "గ్రహణం రోజు బయటికొచ్చావా?", "ఏం తిన్నావో ఏమో." గర్భం ఎనిమిదో వారానికల్లా గుండె ఆకారం దాదాపు పూర్తయిపోతుంది. చాలామంది స్త్రీలకి నెల తప్పిందని తేలేదే అప్పటికి. ఎక్కువ కేసుల్లో ఒక్క కారణమంటూ దొరకదు. ఈ నాలుగు ముక్కలు డాక్టరు చేత అత్తగారి ఎదురుగా చెప్పించండి. భర్త చెబితే వినని ఇళ్ళలో కూడా అది పనిచేస్తుంది.

వైద్యం, మందుల చీటీ

మొదట మాటలతో చేసే వైద్యం. టొరంటోలో పెద్దవాళ్ళకి ఎనిమిది విడతల గ్రూపు కార్యక్రమం పైలట్ ట్రయల్‌గా నడిపి 2018లో ప్రచురించారు. ఆలోచనలూ, భయాలూ ఎలా ముడిపడతాయో నేర్పడం, తమలాంటి గుండె జబ్బువాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడటం దాని పద్ధతి. చిన్న ట్రయలే అయినా డిప్రెషన్ తగ్గే సూచన కనిపించింది. మన దగ్గర సీబీటీ (ఆలోచనల్నీ, అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల వైద్యం) చేసే క్లినికల్ సైకాలజిస్టు దొరికితే, ఛాతీలో ఏ చిన్న అలికిడైనా "ఆగిపోతుందేమో" అనిపించే భయం గురించే ముందుగా చెప్పండి. దానికి సీబీటీ బాగా పనికొస్తుంది.

మందు అవసరమైతే సైకియాట్రిస్టు ముందు గుండె మందుల పూర్తి చీటీ పెట్టాలి. సాధారణంగా గుండె జబ్బువాళ్ళకి మొదట ఎంచుకునేది సెర్ట్రలీన్. సిటలోప్రామ్ మోతాదుని బట్టి క్యూటీ (రిథమ్ ప్రమాదాన్ని చెప్పే ఈసీజీ కొలత) నిడివి పెంచుతుంది, అందుకే అమెరికా ఔషధ సంస్థ 2011లో రోజుకి 40 మిల్లీగ్రాములు దాటొద్దని హెచ్చరించింది. అమియోడరోన్ వాడుతుంటే ఆ జోడీ మరీ ప్రమాదం. అమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులు రిథమ్‌ని దెబ్బతీయగలవు. ఫ్లూఒక్సెటిన్ వేస్తే మెటోప్రొలాల్ (ఒక బీటా బ్లాకర్) ప్రభావం పెరిగి నాడి మరీ నెమ్మదించవచ్చు. రక్తం పలచబడటానికి ఎసిట్రోమ్, వార్ఫరిన్, ఆస్పిరిన్ వాడేవాళ్ళకి ఈ కోవ మందులు ఏవి మొదలుపెట్టినా రక్తస్రావం అవకాశం పెరుగుతుంది. ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) చూసుకునేవాళ్ళయితే వారం పది రోజుల్లో మళ్ళీ చేయించండి, చిగుళ్ళ రక్తం, కమిలిన మచ్చలు గమనించండి. "టెన్షన్‌కి" అని మందుల షాపువాడు ఇచ్చే ప్రొప్రనొలాల్ (ఇదీ బీటా బ్లాకరే) హార్ట్‌బ్లాక్ (గుండెలో విద్యుత్ సంకేతాలు అడ్డుపడటం) ఉన్నవాళ్ళకి, ఆస్తమా ఉన్నవాళ్ళకి చేటు. అశ్వగంధ థైరాయిడ్ మీద ప్రభావం చూపగలదు. ఏడీహెచ్‌డీ మందు మొదలుపెట్టే ముందు కార్డియాలజిస్టు మాట తీసుకోవాలి.

ఈ మందుల గుణం కనబడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాతికేళ్ళ లోపువాళ్ళలో మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి ఆ రోజుల్లో కళ్ళలో పెట్టుకుని చూడాలి. "బాగానే ఉన్నాడుగా" అని ఉన్నపళంగా ఆపేయొద్దు.

పదహారు దాటాక

పదమూడేళ్ళ నుంచే ప్రతి చెకప్‌లో పదినిమిషాలు బిడ్డ ఒక్కడే డాక్టరుతో మాట్లాడాలి, మీరు బయట కూర్చోవాలి. కెనడాలో 16–17 ఏళ్ళవాళ్ళకి నర్సు రెండుసార్లు, గంట చొప్పున కూర్చోబెట్టి వాళ్ళ జబ్బు వాళ్ళకే వివరిస్తే, పెద్దల క్లినిక్‌కి వెళ్ళడంలో జాప్యం తగ్గింది (2018). ఇంట్లో పరీక్ష తేలిక: "నీ జబ్బు పేరేంటి? ఏ ఆపరేషన్ ఎప్పుడైంది? ఏ మాత్ర ఎందుకు వేసుకుంటున్నావు?" తడబడితే ఒక్క పేజీలో రాయించి ఫోనులో ఫొటో పెట్టించండి: జబ్బు, ఆపరేషన్ల పేర్లు, తేదీలు, మందుల మోతాదులు, చివరి ఎకో, కొత్త మందు వాడేముందు ఎవరిని అడగాలో.

అమ్మాయిల ఆందోళన చాలావరకు మచ్చ చుట్టూ, పెళ్ళి చుట్టూ తిరుగుతుంది. సంబంధాలు మొదలయ్యే ముందే అమ్మాయిని కార్డియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళి గర్భం విషయం తేల్చుకోండి. చాలా జబ్బుల్లో ఇబ్బంది ఉండదు. ఊపిరితిత్తుల రక్తపోటు బాగా ఉన్నవాళ్ళకి గర్భం ప్రాణాంతకం. పుట్టే బిడ్డకి గుండె జబ్బు వచ్చే అవకాశం జబ్బుని బట్టి మారుతుంది, చాలావాటిలో 3–5 శాతం. గర్భం 18–22 వారాల మధ్య ఫీటల్ ఎకోతో (కడుపులోని బిడ్డ గుండె స్కాన్) చూడొచ్చు. ఈ సంగతులు రాసిన ఉత్తరం అమ్మాయి చేతిలో ఉంటే అబ్బాయి తరఫువాళ్ళతో ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో తనే నిర్ణయించుకోగలదు. దాచిపెట్టి చేసిన పెళ్ళిలో మాత్రలు కూడా దాచుకుని వేసుకోవాల్సి వస్తుంది, అలా మానేసిన ఎసిట్రోమ్ కృత్రిమ వాల్వుని మూసేస్తుంది.

ఎవరికి ఫోన్ చేయాలి

కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ 14416 లేదా 1800-891-4416. 2022 అక్టోబరు 10న మొదలైంది. రోజంతా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ ఎత్తగానే "గుండె ఆపరేషన్ అయింది, ఈ మందులు వాడుతున్నాం" అని మొదటే చెప్పండి, లేకపోతే మామూలు సలహా వస్తుంది. జిల్లా ఆస్పత్రుల్లో మానసిక వైద్య ఓపీ ఉంటుంది. పెద్ద కేంద్రాలు హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఎక్కడికెళ్ళినా సైకియాట్రిస్టు రాసిన చీటీని ఫొటో తీసి, మొదటి మాత్ర వేసేముందే కార్డియాలజీ వాళ్ళకి పంపండి. గుండె ఫైలుకి ముందు అట్ట లోపలివైపు తేదీ, పీహెచ్‌క్యూ, జీఏడీ, తొమ్మిదో ప్రశ్న అని నాలుగు గళ్ళు గీసి అంకెలు రాస్తూ పొండి. వచ్చే చెకప్‌లో ఎకో కాగితంతో పాటు ఆ అట్ట కూడా డాక్టరు ముందు తెరిచి పెట్టండి.